గ్రంథాలయంలో ఆట: ఎరా, లీలా?

పిల్లలను గ్రంథాలయానికి రప్పించడానికి అక్కడ వీడియో గేములు పెట్టడం పాశ్చాత్య దేశాల్లో ఎప్పుడో మొదలైంది. అమెరికా గ్రంథాలయ సంఘం 2008 నవంబరులోనే ఇందుకోసం ఒక రోజు కేటాయించింది. సమర్థకులు తరచూ చెప్పే కారణం ఒకటుంది: ఆట కోసం వచ్చిన పిల్లవాడు వెళ్తూ వెళ్తూ పుస్తకం పట్టుకెళ్తాడని. ఈ వాదంలో ఆట ఎర. తోటపల్లి గూడూరు మండలంలోని కోడూరు తీరంలో గాలం వేసేవారికి ఎర సంగతి బాగా తెలుసు. అది చేప ఆకలి తీర్చడానికి వేసేది కాదు. పిల్లలను ఆ తీరున పిలవడం ధర్మమేనా?

ఆట మీద మన సంప్రదాయానికి రెండు చూపులున్నాయి. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గోడు ఉంది. భారతంలో పాచికలు రాజ్యాన్నీ, తమ్ములనూ, ద్రౌపదినీ పణంగా మింగాయి. మనువు జూదాన్నీ, ప్రాణులతో ఆడే పందేలనూ వేర్వేరుగా చెప్పి రెంటినీ నిషేధించాడు. అదే సంప్రదాయంలో బ్రహ్మసూత్రాలు సృష్టిని లీల అన్నాయి. కోరికలన్నీ తీరిన రాజు ఏ ప్రయోజనమూ ఆశించకుండా ఆడుకున్నట్టు, ఊపిరి సహజంగా ఆడినట్టు అని శంకరులు దాన్ని వివరించారు. రెంటినీ విడదీసే గీత పణం. లాభం కోసం ఆడేది జూదం, ఆట కోసమే ఆడేది లీల. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించిన 2025 కేంద్ర చట్టం కూడా ఈ గీత దగ్గరే నిలిచింది.

ఆటను దైవ కార్యంలో కూర్చోబెట్టిన అనుభవం తెలుగు ఇళ్లకు ఉంది. ముక్కోటి ఏకాదశి జాగారానికి వైకుంఠపాళి పరుస్తారు. గవ్వలు గలగలమంటాయి; భక్తి, జ్ఞానం నిచ్చెనలై పైకి చేరుస్తాయి. పరమపదం దగ్గర పడిందనగా అరుకాషుడనే పెద్ద పాము నోట పడితే మళ్లీ అడుగుకు జారాల్సిందే. ఆ క్షణంలో పిల్లల మొహాలు వాడిపోవడం, పక్కనున్న అమ్మమ్మ నవ్వడం, మళ్లీ గవ్వలు అందుకోవడం, ఇదంతా జాగారంలో భాగమే. అక్కడ ఆట వ్రతానికి ఎర కాదు. రాత్రంతా కలిసి మేలుకోవడమే వ్రతం, ఆ మెలకువకు ఆట ఊపిరి.

గ్రంథాలయానికీ ఇదే వర్తిస్తుంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయం నడిపారు. పుస్తకమే మనిషి దగ్గరికి వెళ్లాలన్న పట్టుదల అది. ఇప్పుడు పల్లెల్లోనూ పిల్లల చేతికి ఫోనుతో పాటు ఆటా అందుతోంది. వారికి కొరవడింది పక్కన కూర్చునే తోడు, ఇక చాలనే హద్దు. శాఖా గ్రంథాలయం ఈ రెండూ ఇవ్వగలదు. నలుగురు పిల్లలు ఒకే తెర ముందు చేరి మైన్‌క్రాఫ్ట్‌లో తమ ఊరి వరి మళ్లు, రొయ్యల గుంటలు కట్టుకుంటే అది కలిసి ఆలోచించడమే. పుణె సంస్థ తయారుచేసిన ‘రాజీ’ అనే వీడియో గేములో దుర్గ అనుగ్రహంతో తమ్ముణ్ని వెతుక్కునే అమ్మాయి వెంట నడవడం కథలోకి వెళ్లడమే. పందెం ఉన్నవి, ఆడేకొద్దీ డబ్బు అడిగేవి మాత్రం గుమ్మం దాటకూడదు. చదువుకునేవారి నిశ్శబ్దానికి వేరే గదో, వేరే వేళో ఉండాలి.

ఆడుకుని పుస్తకం ముట్టకుండానే ఇంటికి వెళ్లిన పిల్లవాణ్ని ఎర తిని తప్పించుకున్న చేపలా చూడకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఉంది. చదివేవారి ఇల్లు, చదవనివారి ఇల్లు అన్న తేడా లేకుండా అందరూ కట్టేదే అది. గ్రంథాలయం బెంచీ మీద ఆ పిల్లవాడికీ అంతే హక్కుంది.