పిల్లి ధైర్యము

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునందును, దాని చెంతనున్న తార్నాక వీథులయందును కుక్కలు గుంపులుగా తిరుగుట చదువరు లెఱిగినదే. నాలుగైదు కిలోల పెంపుడుపిల్లి, తనకు నాలుగింతలు బరువుగల కుక్క యెదుట వీపు విల్లువలె వంచి, రోమములు నిక్కించి, బుసకొట్టి నిలుచును. పరుగెత్తుదానిని తరుముట కుక్క స్వభావము. నిలిచినదానిని జూచి యది సంశయించును, పెక్కుసారులు వెనుదీయును.

పిల్లికి భయమే లేదనువారు గలరు. 1911లో అమెరికాలో వాల్టర్ కానన్ తన సహచరునితో గూడి, మొఱుగు కుక్కను పిల్లి యెదుట నుంచి దాని రక్తమును పరీక్షించెను. శాంతముగా నున్నపుడు కానరాని అడ్రినలిన్, భీతిల్లిన పిమ్మట కానవచ్చెను. రోమములను నిక్కించునదియు నా యుద్రేకమే. కావున భయమును మోయుచునే నిలుచుట ధైర్యము.

భయపడు బిడ్డను పిఱికియని గేలిచేయువారును, భయముపేర ఆడుబిడ్డను గడప దాటనీయనివారును ఈ సత్యమును మఱచుచున్నారు. అయితే కుక్కల గుంపు నడుమ చిక్కిన పిల్లికి ధైర్యమొక్కటియే చాలదు. ఎక్కుటకు గోడ కావలెను. బిడ్డకు నిలువ నేర్పుటయే గాక, అవసరమునకు ఆ గోడ యగుటయు పెద్దల ధర్మము.