ఇల్లు కురియుట, ఇంజను కారుట

ధ్యానభాగములు: ప్రసంగి 10:18, యిర్మీయా 6:14



చేతులు ముడుచుకొని కూర్చున్నవాని ఇల్లు వానకు కురియునని ప్రసంగి హెచ్చరించుచున్నాడు. మన బీబీపేట పెంకుటిండ్లవారికి ఈ మాటకు వ్యాఖ్యానమక్కరలేదు. అయితే నేడు మన వాకిండ్లలో కారునది మరియొకటి కలదు. అది పాత టర్బో డీజిలు బండి. 2002లో వెలువడిన స్కార్పియోవంటి బండ్లు అనేకుల చేతులు మారి గ్రామములకు చేరినవి. రాత్రివేళ ప్రసవవేదనపడు స్త్రీని కామారెడ్డికి చేర్చునది అట్టి బండియే కావచ్చును. తెల్లవారి దానిక్రింద నల్లని మరక కనబడిన యెడల మనమేమి చేయుదుము? గుడ్డతో తుడిచి, అర లీటరు ఆయిలు పోసి, ఇంకను నడుచునులే అందుము. యిర్మీయా దినములలోని బోధకులును ప్రజల గాయమును పైపైన మాన్పి, లేని సమాధానమును ఉన్నదనిరి.

మేము మెకానిక్కులను అడిగి తెలిసికొన్నది వినుడి. రెండు ఇనుప భాగముల నడుమ సందు మూయుదానిని గ్యాస్కెట్టు అందురు. షెడ్డులో ప్యాకింగు అనియు అందురు. ఇంజను హెడ్డునకును బ్లాకునకును నడుమనుండునది మండు వాయువును, ఆయిలును, నీళ్లను ఒకదానితో ఒకటి కలియనియ్యదు. అది చెడిన యెడల ఆయిలు పాలు పోసిన చాయవలె మారవచ్చును, తెల్లని పొగ రావచ్చును, రేడియేటరులో నీళ్లు తగ్గవచ్చును. టర్బోకు ఆయిలే ప్రాణము. దాని ఇరుసు నిమిషమునకు 1,00,000 చుట్లకు మించి తిరుగుచు, పలుచని ఆయిలు పొరమీద నిలుచును. ఆయిలు అందనియెడల బేరింగులు త్వరలోనే పాడగును. కాలుచున్న టర్బోమీద ఆయిలు కారిన యెడల నిప్పంటుకొను భయమును కలదు.

మరమ్మతులో మూడు సంగతులు ముఖ్యము.

మొదటిది, మూలమును వెదకుట. ఆయిలు పుట్టిన చోటొకటి, బొట్టు పడు చోటొకటి. కావున మంచి పనివాడు ఇంజనును కడిగి, నడిపి, పైనుండి క్రిందికి పరీక్షించును. లోపలి ఆవిరిని విడుచు బ్రీదరు గొట్టము మూసుకొనిపోయిన యెడల ఒత్తిడి పెరిగి, క్రొత్త గ్యాస్కెట్టును దాటియు ఆయిలు వచ్చును. మన ఇండ్లలోని కలహమును అట్టిదే. మాట జారినది కల్లములోనైనను, ఒత్తిడి పుట్టినది చెప్పుకొనలేని అప్పులో కావచ్చును.

రెండవది, పాతదానిని పూర్తిగా తీయుట. అంటియున్న ముక్కలను ఇనుమునకు గీత పడకుండ, ఆయిలు దారిలో రాలకుండ గీకివేయవలెను. హెడ్డు వంగినదేమో కొలిచి చూడవలెను. పాతదానిమీద జిగురు పూసిన యెడల అది నిలువదు. నెహెమ్యా దినములలోను చెత్త విస్తారమైనందున గోడ కట్టలేమని జనులు మొరపెట్టిరి.

మూడవది, సమముగా బిగించుట. హెడ్డు బోల్టులను సాధారణముగా నడుమనుండి అంచులకు, విడతలు విడతలుగా, బండి చేసినవారి కొలత ప్రకారము టార్కు రెంచితో బిగింతురు. ఒక ప్రక్కనే బిగించినయెడల హెడ్డు వంగును. ట్యాపెట్ కవరును మితిమీరి బిగించినను గ్యాస్కెట్టు నలిగి మరల కారును. సంఘ క్రమశిక్షణయు ఇట్లే యుండవలెను. కూలివానిని గట్టిగా బిగించి, భూమిగలవానిని వదులుగా విడిచిన సంఘము నిలుచునా?

తరచుగా గ్యాస్కెట్టు వెల స్వల్పమే. విప్పి బిగించు కూలియే ఎక్కువ. అందుచేతనే మనము వాయిదా వేయుదుము. కొందరైతే ఇంజనును కడిగి, మరకను దాచి, బండిని పొరుగువానికి అమ్ముదురు. గొయ్యి తెరచి మూయకపోయినవాడు అందులో పడిన ఎద్దునకు వెల చెల్లింపవలెనని ధర్మశాస్త్రము నిర్ణయించెను. బండిలో కూర్చుండువారు ఎద్దులకంటె ఎంతో శ్రేష్ఠులు గదా!

కావున ప్రియులారా, వాకిట మరక కనబడిన దినముననే బండిని షెడ్డునకు చేర్చుడి. అమ్మువారు ఉన్నది ఉన్నట్లు చెప్పుడి. హృదయములో ఏదైన కారుచున్న యెడల దానిని తుడిచి దాచక, విప్పి చూపుడి. విప్పుటకు ధైర్యమును, సరిగా బిగించుటకు ఓర్పును ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమెన్.