ఫరో మాట మన నోట

ధ్యాన భాగము: నిర్గమకాండము 1:8–22



ఒక జాతిని రూపుమాపవలెనన్న తలంపు ఒక్క దినమున పుట్టదు. మనుష్యులు మెట్టు వెంట మెట్టుగా ఆ పాపములోనికి దిగుదురు. మన ధ్యాన భాగములో ఆ మెట్లు మూడు కనబడుచున్నవి. మొదటిది మాట. ఈ జనులు మితిమీరి పెరిగిరి, యుద్ధము వచ్చినయెడల పగవారితో చేరుదురని ఫరో తన ప్రజలతో చెప్పెను. రెండవది వెట్టి. ఇటుకల పనియు పొలము పనియు వారిచేత కఠినముగా చేయించిరి. మూడవది మరణము. మగశిశువులను నదిలో పారవేయుడని ఆజ్ఞ పుట్టెను. ఇశ్రాయేలీయులు ఏ యుద్ధమును చేయలేదు. చేయుదురేమో యన్న అనుమానమే చాలెను.

అట్టి అనుమానము మన పొరుగున ఏమి చేసెనో చూడుడి. 2005 జూన్ మాసమున బస్తరు సీమలో, అప్పటి దంతెవాడ జిల్లాలో, మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం బయలుదేరెను. ఊరు విడిచి శిబిరమునకు రానివాడు మావోయిస్టని ఒక పక్షమువారు ఎంచిరి. శిబిరమునకు పోయినవాడు ద్రోహియని రెండవ పక్షమువారు ఎంచిరి. గుడిసెలు కాలినవి, దాచిన గింజలు బూడిదయైనవి. 2006 జూలైలో ఎర్రబోరు శిబిరముపై మావోయిస్టులు పడి సుమారు 30 మందిని చంపిరి. నడుమ నిలిచిన మురియా బీదలకు ఏ ప్రక్కను నీడ లేకపోయెను. బిడ్డలను భుజములపై నెక్కించుకొని, అడవి దారులవెంట వారు అప్పటి ఖమ్మం జిల్లాలోని చర్ల, చింతూరు ప్రాంతములకు వచ్చిరి. సరిహద్దు దాటి వచ్చినవారు 30,000 మొదలు 50,000 వరకు ఉందురని ఆ కాలపు అంచనాలు. ఆదివాసి యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుట రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తీర్పు వచ్చినను చాలమంది తమ ఊళ్లకు తిరిగి పోలేదు.

జాతి సంహారమను మాటకు 1948లో ఐక్యరాజ్య సమితి ఒప్పందము అర్థము నిర్ణయించినది. అది ఈ అడవికి తగునో తగదో న్యాయవేత్తలు వాదించుకొందురు గాక. మొదటి మెట్టు మీద మన కాలున్నదా యని చూచుకొనుట మన పని.

మనము గొత్తికోయలని పిలుచువారు వీరే. 2006 నాటి అటవీ హక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు ముందునుండి అడవి భూమి సాగుచేయుచున్న ఆదివాసులకే హక్కు నిచ్చుచున్నది. ఆ తరువాత ప్రాణభయముతో పారి వచ్చినవారికి ఆ తేదీయే మూసిన తలుపాయెను. పట్టా లేదు గనుక వారికి కూలియే ఆధారము.

మిరపకాయ ఏరించుటకు వారు మనకు కావలెను. ఏరుట ముగిసిన వెంటనే, వీరు ఎవరి మనుష్యులోయని గుసగుసలాడుదుము. అవతలివారే గదాయని కూలి తగ్గించి, అదియు రేపు రమ్మందుము. కూలివాడు పరదేశియైనను ప్రొద్దు గ్రుంకకమునుపే వాని కూలి ఇయ్యవలెనని ద్వితీయోపదేశకాండము 24:14–15 మనకు ఆజ్ఞాపించుచున్నది. అనుమానము మొదటి మెట్టయితే, తగ్గించిన కూలి రెండవది కాదా?

వారిలో నేరస్థులు లేరాయని కొందరు అడుగుదురు. ఉన్నారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలమున పోడు తగాదాలో ఒక అటవీ రేంజి అధికారి దారుణముగా చంపబడెను. ఆ యింటివారి దుఃఖము మనకును దుఃఖమే. 2023లో ఇద్దరికి యావజ్జీవ శిక్ష పడెను. అది న్యాయము. అయితే ఆ తీర్పునకు చాల ముందే, గూడెము గూడెమంతయు ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లగొట్టవలెనని పంచాయతీ తీర్మానము పుట్టెను. ఇద్దరి నేరమునకు చంటిబిడ్డ ఎట్లు బాధ్యురాలగును? దుష్టులతో కూడ నీతిమంతులను నాశనము చేయుట తగదని అబ్రాహాము సొదొమ కొరకే దేవునితో విన్నవించుకొనలేదా?

ఇక మనము చేయదగినదేమి? షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానులను చూడుడి. వారియొద్ద కత్తి లేదు, సైన్యము లేదు. దేవునికి భయపడి, రాజు చెప్పిన చంపుడు పనికి చేతులియ్యకపోయిరి. అంతే. అంత గొప్ప ఫరో పేరు ఆ అధ్యాయములో లేదు. ఈ ఇద్దరు స్త్రీల పేర్లు ఉన్నవి.

కాబట్టి కూలి పూర్తిగా సాయంకాలమే ఇయ్యుడి. బోరునొద్దకు బిందెతో వచ్చిన స్త్రీని ఏ పక్షమని అడుగకుడి. గూడెములో నొప్పులు పడుచున్న తల్లిని ఆసుపత్రికి చేర్చుటకు మీ బండి కట్టుడి, ఆటో ఉన్నవాడు ఆటో తీయుడి. బిడ్డలను బడిలో చేర్చుటకు పంతులుగారితో మాటాడుడి. గూడెమంతటిని వెళ్లగొట్టుటకు ఊరిలో చేతులెత్తు దినము వచ్చినయెడల, మీ చేయి దించియుంచుడి.

హేరోదు కత్తికి తప్పించుకొని పరదేశమున తలదాచుకొనిన మన ప్రభువు, ఫరో మాటను మన నోటనుండి తీసివేసి, ఆ మంత్రసానుల భయభక్తులను మనకు దయచేయును గాక. ఆమేన్.