నీతోకూడ ఉన్నవారు

ధ్యాన వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము, 28:1–10



వానలు వెనుకబడి, వరికోతలు ముగిసి, చలి మొదలగు దినములలో మా నాగారము సంఘమందును, కీసర, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతపు సంఘములందును ఒక మాట వినబడుచుండును. "ఈసారి అందరము కలిసి పాపికొండలకు పోదము" అనునదే ఆ మాట. రెండు మూడు కుటుంబములవారు బంధువులను, స్నేహితులను కూడగట్టుకొని, ఒక బస్సు మాట్లాడుకొని, రాత్రికి రాత్రి భద్రాచలము చేరుదురు. అక్కడినుండి పోచవరము రేవుకు పోయి లాంచి యెక్కుదురు. మరికొందరు రాజమహేంద్రవరము మీదుగా పోయి, గండిపోచమ్మ రేవున లాంచి యెక్కి, ఉత్తరముగా గోదావరికి ఎదురు ప్రయాణము చేయుదురు.

విశ్వాసులు ఇట్టి విహారమునకు పోవచ్చునా అని కొందరు పెద్దలు మమ్మును అడుగుచుందురు. పోవచ్చుననియే మా జవాబు. మార్కు సువార్త 6వ అధ్యాయము 31, 32 వచనములు చూడుడి. పనిచేసి అలసివచ్చిన శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేకపోగా, ప్రభువే వారిని ఏకాంత స్థలమునకు రమ్మని పిలిచి, అలసట తీర్చుకొనుడని చెప్పెను. వారు ఆ స్థలమునకు నడిచి పోలేదు. దోనె యెక్కి పోయిరి. కాబట్టి నీటిమీద ప్రయాణమును, తనవారితో కలిసి విశ్రమించుటయు ప్రభువు ఎరుగని సంగతులు కావు. సంవత్సరమంతయు ఫ్యాక్టరీలోను, పొలములోను, కూలి పనిలోను నలిగిన తండ్రి ఒక్క దినము తన బిడ్డలప్రక్కన తీరికగా కూర్చుండుట దేవుని దానమే.

పాపికొండల సౌందర్యము మాటలకు లొంగునది కాదు. నాసికు దగ్గర త్ర్యంబకమునందు చిన్న ఊటగా పుట్టిన గోదావరి, కూనవరము వద్ద శబరిని కలుపుకొని ఈ కొండలలో ప్రవేశించును. రాజమహేంద్రవరమువద్ద ఒక గట్టున నిలిచినవానికి ఆవలి గట్టున ఉన్న మనిషి పోలిక తెలియనంత వెడల్పుగల నది, ఇచ్చట రెండు కొండలనడుమ ఇరుకున పడి సాగిపోవును. వెడల్పు తగ్గిన చోట నీరు లోతు పెంచుకొనును, వేగము పెంచుకొనును. వరద కాలమున సుడులు తిరుగును. పైకి చూచిన కన్నులకు అది అద్దమువలె నుండవచ్చును. కన్నులపండువుగా నున్న ఆ చోటే మెలకువ కోరు చోటు. ఈ రెండు సంగతులను కలిపి ధ్యానించుటకే అపొస్తలుడైన పౌలు ఓడప్రయాణమును ఈ మాసము మీ ముందు ఉంచుచున్నాము.

మొదటిది: మెల్లగా వీచిన గాలి

పౌలు ఎక్కిన ఓడ క్రేతు ద్వీపమందలి మంచిరేవులు అను చోటికి చేరునప్పటికి ప్రయాణకాలము దాటిపోయెను. ఇక ముందుకు సాగినయెడల సరకులకే గాక ప్రాణములకును హాని కలుగునని పౌలు హెచ్చరించెను. అయితే శతాధిపతి నావికుని మాటను, ఓడ యజమానుని మాటను నమ్మెను. చలికాలము గడుపుటకు ఆ రేవు వసతిగా లేదు. ఎక్కువమంది పోవుదమనిరి. అంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచెను. తమ ఆలోచన నెరవేరినదని వారు తలంచి లంగరు ఎత్తిరి. కొంచెము సేపటికే ఊరకులోను అను పెనుగాలి ఓడమీద విరుచుకొని పడెను.

ప్రియులారా, ఆ తప్పు నిర్ణయమునకు కారణములేవో గమనించితిరా? కాలము దాటుట, వసతి తక్కువగుట, ఎక్కువమంది తొందరపడుట, గాలి అనుకూలముగా కనబడుట. ఈ నాలుగును నేటికిని ప్రతి రేవున నిలిచి యున్నవి. సెలవు దొరికినది, డబ్బు ముందే కట్టితిమి, ఇంత దూరము వచ్చితిమి, ఎండ కాయుచున్నది అని మనమును అందుము.

2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీ, ఆదివారము. గోదావరి వరదమీద నుండెను. దేవీపట్నము మండలములోని కచ్చులూరు వద్ద పాపికొండలకు పోవుచున్న ఒక పడవ మునిగిపోయెను. అందులో 70 మందికి పైగా ఉండిరి. హైదరాబాదునుండియు, వరంగల్లు ప్రాంతమునుండియు బంధుమిత్రులుగా కలిసి వెళ్లినవారు వారిలో అనేకులు. 26 మంది ప్రాణములతో బయటపడిరి. మిగిలినవారు తిరిగి రాలేదు. పడవను సహితము అక్టోబరు 22వ తేదీకి గాని నీటినుండి పైకి తీయలేకపోయిరి.

వారు మనకంటె ఎక్కువ పాపులనియు, అందుచేతనే అట్లు జరిగెననియు ఎవడును పలుకకుండును గాక. సిలోయములోని గోపురము పడి చనిపోయిన పదునెనిమిది మందిని గూర్చి ప్రభువు అట్టి తలంపును ఖండించెను (లూకా 13:4). వారు మనవంటి వారే. పిల్లలకు మంచి బట్టలు తొడిగి, పులిహోర మూట కట్టుకొని, నవ్వుచు బయలుదేరినవారే. వారి జ్ఞాపకమును మనము గౌరవింపవలెనన్న వారికి తీర్పు తీర్చుట మాని, మనతోకూడ వచ్చువారి ప్రాణములను కాపాడుకొనుట నేర్చుకొనవలెను.

కావున ఈ మాటలు సంఘమంతటికిని చెప్పుచున్నాము. ఆగస్టు, సెప్టెంబరు నెలల వరదలో ఈ ప్రయాణము తలపెట్టకుడి. ఆ ప్రమాదము తరువాత రేవులయొద్ద ప్రభుత్వమువారు కంట్రోలు రూములు ఏర్పరచిరి. వారు వద్దన్న దినమున పోరాదు. లైఫ్ జాకెట్టు గట్టున ఉండగానే తొడుగుకొని, తిరిగి గట్టు దిగువరకు విప్పరాదు. చీరమీద బాగుండదని, ఉక్కగా నున్నదని, భోజనపు వేళయైనదని దానిని తీసి ప్రక్కన పెట్టువారున్నారు. ఆపద మన భోజనము ముగియువరకు కాచుకొని యుండదు. ఫోటోలకొరకు అందరును ఒకే ప్రక్కకు పరుగెత్తరాదు. బరువంతయు ఒక వైపు చేరినయెడల ఎంతటి పడవయైనను ఒరుగును. దేవునియందు మాకు విశ్వాసమున్నది, మాకు జాకెట్టు ఎందుకని అనువాడు, దేవాలయ శిఖరమునుండి దుముకుమని చెప్పిన శోధకుని మాటనే వల్లించుచున్నాడు.

రెండవది: దేవుడు అనుగ్రహించిన తోడివారు

పెనుగాలి అనేక దినములు కొట్టెను. సూర్యుడైనను నక్షత్రములైనను కనబడలేదు. తప్పించుకొందుమను ఆశ బొత్తిగా పోయిన ఆ సమయమున దేవుని దూత పౌలునొద్ద నిలిచి చెప్పిన మాట 24వ వచనములో ఉన్నది. దేవుడు పౌలు ప్రాణమును మాత్రమే గాక, అతనితోకూడ ఓడలో నున్నవారినందరిని అతనికి దానముగా ఇచ్చెనని దాని భావము. ఆ ఓడలోని వారెవరు? సైనికులు, నావికులు, ఖైదీలు. అతని మాట వినక అందరిని ఆపదలోనికి తెచ్చినవారు కూడ వారిలో నుండిరి. మొత్తము 276 మంది. నేను చెప్పలేదా, అనుభవించుడి అని వారిని విడిచిపెట్టుటకు పౌలునకు సెలవు లేదు. వారు ఇక అతనికి అప్పగింపబడినవారు.

ఒక రాత్రి నావికులు నీటి లోతు చూడగా ఇరువది బారలుండెను. మరి కొంచెము సాగి చూడగా పదునైదు బారలు. తీరము దగ్గరపడినదని గ్రహించి వారు చేసిన పని యేమి? లంగరులు వేయు నెపముతో చిన్న పడవను దింపి, తాము మాత్రము పారిపోజూచిరి. వీరు ఓడలో నుండనియెడల ఎవరును తప్పించుకొనలేరని పౌలు శతాధిపతితో చెప్పెను. పడవ నడుపుట ఎరిగినవాడు ఎరుగనివారిని విడిచి పోరాదు.

చిన్న పడవను దింపుకొను ఈ బుద్ధి మన యాత్రలలోను కనబడును. తలకు ఇంతయని ఒకే చందా పెట్టుదురు. ఇవ్వగలిగినవాడు ఇచ్చును, ఇవ్వలేని సహోదరుడు చిన్నతనమగునని అప్పు చేసి ఇచ్చును, లేదా పిల్లకు జ్వరమని సాకు చెప్పి ఇంటనే నిలిచిపోవును. అప్పు చేసి పప్పుకూడు తినుమని మనమే వానిని త్రోసితిమి గదా! విధవరాలైన పెద్దమ్మను ఇల్లు కాయుమని విడిచిపోదురు. యాత్రకు తీసికొనిపోయిన కోడలు బస్సులోను వంటయే, రేవునను వంటయే. ఆమె చూచిన పాపికొండలు పొయ్యి పొగలోనుండి చూచినవే. బస్సు నడుపు తమ్ముడు భోజనము చేసెనా అని ఎవరును అడుగరు. సంఘముగా పోయినయెడల కలిగినవారు లేనివారి చందాను కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియకుండ కట్టవలెను. పురుషులు ఒక పూట గరిటె పట్టవలెను. ఆదివారము దారిలో పడినయెడల ఆరాధన మానరాదు. తెల్లవారుచుండగా పౌలు ఓడలో అందరియెదుట రొట్టె పట్టుకొని దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించెను. అది చూచి అందరును ధైర్యము తెచ్చుకొని ఆహారము పుచ్చుకొనిరి.

ఓడ బద్దలైనప్పుడు ఈత వచ్చినవారు ముందు దుమికి దరిచేరవలెనని శతాధిపతి ఆజ్ఞాపించెను. మిగిలినవారు పలకలమీదను, ఓడ చెక్కలమీదను చేరిరి. ఒకప్పుడు మన ప్రాంతపు పిల్లలు బెండ్లు కట్టుకొని వ్యవసాయపు బావులలో ఈత నేర్చిరి. ఇప్పుడు ఆ బావులలో అనేకము పూడి ప్లాట్లయ్యెను. బిడ్డలకు ఇంగ్లీషు నేర్పించుటకు ఇంత శ్రమపడు తలిదండ్రులు, పెద్దలు దగ్గర నుండగా వారికి ఈత కూడ నేర్పింపవలెనని మా మనవి. ఆడపిల్లలకు సహితము నేర్పింపవలెను. ఈత వచ్చినవాడు తనకొరకే గాక రానివానికొరకు కూడ నేర్చినవాడు.

మూడవది: గట్టుమీది వారు

276 మందిలో ఒక్కడును నశింపక మెలితే ద్వీపమున దిగిరి. వాన కురియుచు, చలి వేయుచుండగా ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి వారినందరిని చేర్చుకొనిరి. లూకా ఆ జనులనుగూర్చి వాడిన గ్రీకు మాటకు, గ్రీకు భాష రానివారు అని మూలార్థము. పట్టణపువారు అట్టి మాటను తక్కువచేసి పలుకుదురు. అయితే ఆ భాష రానివారే ఆ దినమున భాష వచ్చినవారికి ప్రాణదాతలైరి.

కచ్చులూరులోను ఇట్లే జరిగెను. పడవ మునుగుట చూచిన గట్టుమీది గిరిజనులు తమ చిన్న పడవలు వేసికొని వరద నీటిలోనికి వెళ్లి, కొట్టుకొని పోవుచున్నవారిని పట్టి తెచ్చిరి. బ్రదికినవారు బ్రదుకుటకు వారే సాధనమైరి. ఆ తీరమున కోయలు, కొండరెడ్లు తరతరములనుండి కాపురమున్నారు. ఆ తీరపు పల్లెలు అనేకము పోలవరము ప్రాజెక్టు ముంపులో చేరెను. 2021వ సంవత్సరపు వానకాలమున దేవీపట్నము మండలములో నీరు ఇండ్లలోనికి రాగా అనేకులు ఊళ్లు విడిచి పోయిరి. మనము సౌందర్యమని చూచు ఆ నిండు నీటి క్రింద ఒకరి పొయ్యి, ఒకరి తులసికోట, ఒకరి ప్రార్థనశాల ఉండవచ్చునని మరువరాదు.

మన సంఘ చరిత్రలో ఇందుకు ఒక మాదిరి ఉన్నది. నూట అరువది యేండ్లకు పైబడి, గోదావరిమీద పడవలను ఎగువ దేశమువరకు నడుపవలెనని ఇంగ్లీషు ప్రభుత్వమువారు తలంచి, భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెమువద్ద పని మొదలు పెట్టిరి. ఆ పని చేయించిన హెయిగ్ అను ఇంజనీరు నీటిని, రాళ్లను మాత్రమే చూచి ఊరకుండలేదు. గట్టుమీదనున్న కోయలను చూచెను. ఆయన ప్రోద్బలమున 1860 ప్రాంతమున చర్చి మిషనరీ సొసైటీ పని అక్కడ ఆరంభమాయెను. 1871లో పడవదారి పని ప్రభుత్వము మానివేసెను. అయితే మనుష్యులను చూచిన చూపునుండి పుట్టిన సంఘము నిలిచెను.

కావున అక్కడికి పోవు మనము వారిని కొండలతోపాటు చూచి వచ్చు వింతగా ఎంచరాదు. వారి వెదురు వస్తువులను బేరమాడి సగము ధరకు లాగరాదు. అడుగకుండ వారి స్త్రీల ఫోటోలు తీయరాదు. తిన్న విస్తళ్లను, ప్లాస్టిక్ సీసాలను వారు త్రాగు ఏటిలో పారవేయరాదు. పొప్లి ఇంట ఆతిథ్యము పొందిన పౌలు ఊరక తిని పోలేదు. అతని తండ్రి జ్వరముతో నుండగా ప్రార్థించి స్వస్థపరచెను. మనమును ఏ గట్టున దిగినను ఆ గట్టువారికి మేలు కలుగవలెను.

ప్రియులారా, మార్కు సువార్త 4వ అధ్యాయములో ప్రభువు తుపానును అణచిన సంగతి మీకందరికి కంఠస్థమే. ఆయన దోనెవెంట మరికొన్ని దోనెలును ఉండెనని 36వ వచనము చెప్పుచున్నది. ఆయన గాలిని గద్దించినప్పుడు ఆ దోనెలవారికిని నెమ్మది కలిగెను. క్రీస్తుతో పోవువాని ప్రయాణము ప్రక్కవానికిని క్షేమము కావలెను. ఈ సంవత్సరము మీరు పాపికొండలకు పోయినను, శామీర్‌పేట చెరువు గట్టువరకే పోయినను, అసలు ఇల్లు కదలకపోయినను, మీ యెదుట కూర్చున్నవారిని ఒకసారి లెక్కించుకొనుడి. వారిని దేవుడు మీకు అనుగ్రహించెను. దరిచేరువరకు ఒక్కరిని కూడ విడువకుడి.

ప్రార్థన: సముద్రమును నేలను కలుగజేసిన తండ్రీ, మాకు విశ్రాంతినిచ్చినందుకు నీకు స్తోత్రము. నీటిలో తమవారిని పోగొట్టుకొన్న కుటుంబములను ఆదరించుము. ఊరు విడిచిన గోదావరి తీరపువారికి నిలువ నీడనిమ్ము. మెల్లని గాలికి మోసపోని వివేకమును, తోడివారిని విడువని ప్రేమను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.