దణ్ణం పెట్టిన ఇనుము తుక్కు ఎప్పుడయింది?

దసరాకి బండికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, హారతి ఇస్తాం కదా. మా రాచర్ల వైపైతే నాగలి కర్రు, పలుగు, పార, ట్రాక్టరు అన్నిటికీ బొట్లే. అవే పాడైతే కిలోల లెక్కన తుక్కు కింద తూకం వేసేస్తాం. మట్టి వినాయకుడికి మాత్రం ఉద్వాసన చెప్పి మరీ నీళ్లలో కలుపుతాం. మట్టికి ఉన్న వీడ్కోలు ఇనుముకి ఎందుకు లేదు?

ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకి మూడు ఉదాహరణలు చెప్తాడు. మట్టిముద్ద, బంగారం అందరికీ గుర్తుంటాయి. మూడోది గోళ్లు తీసుకునే చిన్న ఇనుప పనిముట్టు. దాన్ని మన ప్రవచనాల్లో తక్కువగా వింటాం. కుండ, చట్టి అనేవి పేర్లు, ఉన్నది మట్టి అంటాడాయన. ఆ లెక్కన 'తుక్కు' కూడా ఒక పేరే.

ఈ మాటని చేత్తో పరీక్షించేది మట్టినీ పాత ఇనుమునీ కలిపి బొమ్మలు చేసే శిల్పులు. అదేమీ తేలిక పని కాదండి. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది. ఇనుము వేడికి పెరుగుతుంది. పచ్చి మట్టిలో బోల్టు గుచ్చి కాలిస్తే దాని చుట్టూ పగులు రావడం ఖాయం. అందుకే చాలామంది రంధ్రాలు వదిలి ముందు మట్టిని కాల్చి, ఇనుముని తర్వాత బిగిస్తారు. అంతా ఒకటే అని మనం వేదాంతం చెప్పినా ఆవం ఒప్పుకోదు. కానీ కాలిన కుండకి ఆ ఎరుపు ఎక్కడిది? మట్టిలో ఉన్న ఇనుముదే! తుప్పు రంగూ కుండ రంగూ చుట్టాలే.

చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్ ఇన్‌స్పెక్టర్ 1957 నుంచి ఎవరికీ చెప్పకుండా పగిలిన పింగాణీ, గాజులు, తుక్కు ఏరి బొమ్మలు చేశాడు. 1976లో అది రాక్ గార్డెన్‌గా జనానికి తెరుచుకుంది. మన తెనాలిలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర 75,000 ఇనుప నట్లతో ధ్యానంలో కూర్చున్న గాంధీని నిలబెట్టారు. నట్టు నట్టుగానే కనిపిస్తుంది, గాంధీ కూడా కనిపిస్తాడు.

"అంతా బ్రహ్మమే అయితే రూపం పోతే ఏంటి, కరిగించేస్తే పోలా?" అని అడగొచ్చు. నాకు ఇక్కడే పేచీ. అద్వైతంలో మిథ్య వేరు, తుచ్ఛం వేరు. కుందేటి కొమ్ము తుచ్ఛం, అసలు లేనే లేదు. కుండ మిథ్య, అంటే మట్టిని పట్టుకుని ఉంది, నీళ్లు కూడా మోస్తుంది. రూపం మిథ్య అన్నారు కదా అని తుచ్ఛంగా చూడమని ఎవరూ చెప్పలేదు. శిల్పి కర్రుని కరిగించడు. నేల అరగదీసిన ఆ వంపు కోసమే దాన్ని ఏరుకుంటాడు. మనం ఆ అరుగుదల చూసే ధర తగ్గిస్తాం. (పని చేసినన్నాళ్లే మర్యాద అన్న ఈ అలవాటు మన ఇళ్లలో ఇనుము దగ్గరే ఆగుతోందా అంటే, చెప్పలేను.)

అలాంటి బొమ్మని పూజామందిరంలో పెట్టొచ్చా అన్నది ఆగమం తెలిసినవాళ్లు చెప్పాలి. నాకైతే హాల్లో ఉన్నా చాలు. ఈ దసరాకి మాత్రం మా దొడ్లో మూలన పడున్న పాత కర్రుకి కూడా బొట్టు పెడదామనుకుంటున్నా. తూకానికి ఇస్తామా, ఉంచుతామా అన్నది తర్వాత.