స్టీరింగు వదిలినా బాధ్యత వదలదు



కారు తనంతట తాను పోతూ ఒక మనిషిని గుద్ది చంపిందనుకోండి. ఆ పాపం ఎవరిది? కారులో కూర్చున్నవారిదా, కారును తయారుచేసినవారిదా, లేక ఎవరిదీ కాదా?

ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. అమెరికాలో ఉన్న మన బిడ్డలలో కొందరు ఇటువంటి కార్లు నడుపుతున్నారు. మన దేశంలోనూ కొన్ని కార్లలో ఈ సదుపాయాలు వచ్చాయి. ఇంజనీర్లు వీటిని సున్న నుండి ఐదు వరకు మెట్లుగా విభజించారు. మామూలు కుటుంబాలు కొనేవి రెండవ మెట్టు దాటవు. అవి గీతల మధ్య నిలిచి పోతాయి, ముందున్న బండిని బట్టి వేగం పెంచుతాయి, తగ్గిస్తాయి. కాని దారిని కనిపెట్టి ఉండవలసినది మనిషే. చేతికి పని తగ్గింది గాని కంటికి తగ్గలేదు. చిక్కంతా ఇక్కడే ఉంది. చేతికి పని లేనప్పుడు కన్ను ఎంతసేపు మేలుకొని ఉంటుంది?

2018 మార్చి 18 రాత్రి అరిజోనా రాష్ట్రంలోని టెంపే నగరంలో, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని ఊబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు గుద్ది చంపింది. కారు ఆమెను 5.6 సెకండ్ల ముందే పసిగట్టింది. అయితే ఒకసారి వాహనమనీ, ఒకసారి సైకిలనీ, ఒకసారి మరేదో అనీ లెక్కవేస్తూ పోయింది. దాటే గుర్తులు లేనిచోట కూడా మనుషులు దాటుతారని దానికి ఎవరూ నేర్పలేదు. కనిపెట్టి ఉండడానికి కూర్చోబెట్టిన మనిషి చూపు ఫోను మీద ఉంది. దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా మండలి 2019లో ఆ పరధ్యానాన్ని ముఖ్య కారణంగా చెప్పి, సంస్థ లోపాలను కూడా ఎత్తిచూపింది. సంస్థపై నేరం మోపలేదు. కనిపెట్టవలసిన వ్యక్తి 2023లో నేరం ఒప్పుకొని మూడేండ్ల ప్రొబేషన్ శిక్ష పొందింది.

చట్టం అక్కడితో ఆగింది. మనస్సాక్షి అక్కడితో ఆగగలదా?

పునీత తోమాసు అక్వీనాసు, అరిస్టాటిల్ బాటలో, ఓడ నడిపేవానిని ఉదాహరణగా చూపాడు. చుక్కాని పట్టవలసినవాడు పట్టకపోతే, చేయి కదపకపోయినా ఓడ మునిగిన బాధ్యత అతనిదే. దివ్యబలిపూజ ఆరంభంలో మనం చేసిన తప్పులనే గాక, చేయవలసి మానినవాటిని కూడా ఒప్పుకుంటున్నాము గదా! అయితే పునీతుడు రెండు షరతులు పెట్టాడు: ఆ పని అతడు చేయగలిగి ఉండాలి, చేయవలసి ఉండాలి.

చేయవలసిన బాధ్యత కారులో కూర్చున్నవానిది. ఇందులో సందేహం లేదు. కాని చేయగలగడం మాటేమిటి? తనంతట పోయే యంత్రాన్ని గంటల తరబడి రెప్పవేయక చూడడం మానవ స్వభావానికి కష్టం. ఊబర్ కార్లలో మొదట ఇద్దరు కూర్చునేవారు. 2017లో ఒక్కరినే ఉంచారు. మనిషి బలహీనత తెలిసి కూడా అతనిని ఒంటరిగా వదిలినవారికి ఆ పాపంలో పాలు లేదా? డ్రైవరు శ్రద్ధను గమనించే ఏర్పాటు చాలదని అధికారులు తేల్చిన మీదట, 2023 డిసెంబరులో టెస్లా అమెరికాలో 20 లక్షలకు పైగా కార్లను సరిచేయవలసి వచ్చింది. ఆ సదుపాయం పేరు ఆటోపైలట్. పేరు కూడా ఒక సాక్ష్యమే. లేని శక్తిని సూచించే పేరు ఎనిమిదవ ఆజ్ఞకు ఎంత దూరంలో ఉందో తయారీదారులు ఆలోచించుకోవాలి.

భద్రత మరో విధంగానూ తప్పవచ్చు. 2015లో ఇద్దరు పరిశోధకులు దూరాన కూర్చుని, ఇంటర్నెట్ ద్వారా ఒక జీపును తమ అదుపులోకి తెచ్చుకొని చూపారు. అది స్వయంచాలకం కూడా కాదు. ఆపై 14 లక్షల వాహనాలను సరిచేయవలసి వచ్చింది. గొళ్ళెం లేని తలుపు పెట్టి, దొంగదే తప్పంటే సరిపోతుందా?

యంత్రం చెడ్డదని నేను అనడం లేదు. అలసిన డ్రైవరుకంటే ముందుగా బ్రేకు వేసే కారు ప్రాణం కాపాడుతుంది. మానవ మేధస్సు దేవుని వరం. వాటికన్ 2025 జనవరిలో వెలువరించిన ఆంటిక్వా ఎత్ నోవా పత్రం కృత్రిమ మేధను ఆ వరపు ఫలంగా ఎంచుతూనే, నైతిక బాధ్యత మాత్రం మనిషిదేనని బోధించింది.

మార్కు సువార్త 13వ అధ్యాయంలో యజమానుడు ప్రయాణమై పోతూ సేవకులకు తలా ఒక పని అప్పగిస్తాడు. ద్వారపాలకునికి మాత్రం మేలుకొని ఉండమని ఆజ్ఞాపిస్తాడు. మెలకువే అతని పని. ఈ కార్లలో కూర్చున్నవారు అటువంటి ద్వారపాలకులు.

తల్లిదండ్రులారా, మనకు సాయంత్రమైతే అమెరికాలో ఉదయం. బిడ్డలు ఆఫీసుకు పోతూ కారులో నుండే మీతో మాట్లాడతారు. "బండి దానంతట అదే పోతుందిలే అమ్మా" అంటారు. ఆ మాట విన్నప్పుడు, "ఇల్లు చేరాక మాట్లాడుకుందాం నాయనా" అని ఫోను పెట్టేయండి. మీ బిడ్డ క్షేమం కోసమే కాదు, ఆ దారిలో రోడ్డు దాటే మరొక తల్లి బిడ్డ కోసం కూడా.