పిండికోడి – కంప్యూటరు రాక్షసుడు



నేడు శ్రావకుల ఇండ్లలో ఒక కొత్త తగవు పుట్టినది. పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండి, కత్తి పట్టిన వీరుని వేషమున రాక్షసులను, మృగములను గుంపులు గుంపులుగా నరకుచుండును. తండ్రి మందలించినచో, “నాన్నగారూ, చీమైనా చావలేదు గదా! అవి ఒట్టి బొమ్మలు” అని బదులు చెప్పును. ఆ మాటలో న్యాయము బొత్తిగా లేకపోలేదు. కాని ఈ ప్రశ్న నిజమునకు పాతదే. వెయ్యేండ్లకు ముందే దీనికి సమాధానము వ్రాయబడియున్నది.

వేములవాడ చాళుక్యుల ఆశ్రయమున సోమదేవసూరి 959లో యశస్తిలక చంపువును రచించెను. అందు యశోధర మహారాజు కథ కలదు. రాజునకు వచ్చిన దుస్స్వప్నమునకు శాంతిగా దేవికి జీవబలి ఇమ్మని తల్లి చంద్రమతి పట్టుబట్టినది. ప్రాణిని చంపనని రాజు అన్నాడు. తుదకు తల్లి మాట త్రోసివేయలేక, పిండితో చేసిన కోడిని కత్తితో నరికినాడు. నెత్తురు చుక్క రాలలేదు. అయినను చంపుచున్నాననెడి సంకల్పము మనస్సున ఉన్నందున, తల్లియు కొడుకును నెమలిగా, కుక్కగా, ఇంకను ఎన్నో పశుజన్మలెత్తి బాధలు పడిరి.

హింస ద్రవ్యహింస యనియు, భావహింస యనియు రెండు విధములని పెద్దలు చెప్పుదురు. ప్రాణి ప్రాణము పోవుట ద్రవ్యహింస. చంపవలెనను క్రోధము, చంపితినను సంతోషము భావహింస. బొమ్మను నరకుట ప్రాణిని నరకుటతో సమానమని ఎవరును అనరాదు. కాని బొమ్మకు ప్రాణము లేకున్నను, ఆడువానికి మనస్సు కలదు గదా! కర్మము అంటుకొనునది ఆ మనస్సునకే.

హోసూరు చెంత కెలవరపల్లి ఆనకట్టను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. వానలకు దక్షిణ పినాకిని పొంగి, నీరు వదలినప్పుడు అక్కడ తెల్లని నురగ గుట్టలు గుట్టలుగా లేచును. దూరమునకు దూదిరాశి వలె కనబడును. చేత పట్టినచో బరువే లేదు. కాని అది ఎగువను బెంగుళూరు వైపున నీటిలో కలిసిన మురుగు నుండి పుట్టినది. నురగ గాలికి పోవును. నీటిలోని మలినము కాలువ వెంట పొలమునకు చేరును. ఆటయు నురగ వంటిదే. ఆట ముగిసిన పిమ్మట పిల్లవాని మాటలో, చేతలో మిగిలినదేమో చూడవలెను. అట్లు లోనికి వచ్చుటయే ఆస్రవము. తలుపు దించుట సంవరము.

అట్లని ఆటలన్నిటిని ఒకే గాటన కట్టరాదు. 1985లో అమెరికాలో రిచర్డ్ గారియట్ అనునాయన ఆపిల్ 2 కంప్యూటరుకై ‘అల్టిమా 4’ అను ఆటను వెలువరించెను. అంతకు ముందరి మూడు ఆటలలో తుదకు ఒక దుష్టశక్తిని రూపుమాపుటయే గెలుపు. ఇందులో అట్లు కాదు. సత్యము, కరుణ, న్యాయము, త్యాగము, వినయము మొదలైన ఎనిమిది సుగుణములను సాధించి ‘అవతార్’ అనిపించుకొనవలెను. ఆ పేరు మన దేశపు మాటయే. అందు మూలికలమ్మువారు గ్రుడ్డివారు. ఎంత సొమ్ము ఇచ్చునదియు ఆటగాని ఇష్టమే. తక్కువ ఇచ్చినను సరకు చేతికి వచ్చును, ఎవరును పట్టుకొనరు. కాని ఆట లోలోపల లెక్క వ్రాసికొని, సుగుణమును తగ్గించును. హాని చేయని జంతువు మీద పడినను కరుణ తరిగిపోవును. అందును పోరాటములు లేకపోలేదు. అయినను త్రాసు పట్టు వర్తకుని బిడ్డకు ఆ గ్రుడ్డివాని అంగడి మంచి పాఠమే.

2000లో వచ్చిన ‘డయాబ్లో 2’ తీరు వేరు. చంపుట, రాలిన వస్తువులేరుకొనుట, ఇంకను మేలైన వస్తువుకై మరల చంపుట. పెట్టె నిండినచో, సరకు దాచుటకే ఆటగాళ్లు వేరు పేర్లతో పాత్రలను పుట్టించి, వాటిని కంచరగాడిదలను అర్థమున ‘మ్యూల్’ అని పిలిచిరి. బేనామీ వ్యవహారము అక్కడికిని ప్రాకినదన్నమాట! పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టిన ఇంట ఈ ఆశ ఏమి నేర్పునో ఆలోచింపుడు.

అయితే తండ్రులును తమ్ము తాము చూచుకొనవలెను. ప్రసన్నచంద్ర రాజర్షి రాజ్యము విడిచి ధ్యానమున నిలిచియుండెను. మంత్రులు తన పసికొడుకు రాజ్యము కాజేయ చూచుచున్నారని దారినిపోవువారి మాట చెవిని పడినది. కదలకుండ నిలిచియే మనస్సులో వారితో ఘోరయుద్ధము చేసెను. ఆ క్షణమున మరణించినచో ఆయనకు ఏడవ నరకమని మహావీర స్వామి శ్రేణిక మహారాజునకు చెప్పెను. ఆయుధములన్నియు అయిపోగా, కిరీటముతో కొట్టుదునని రాజర్షి తల మీద చేయి వేసెను. బోడితల తగిలినది. తానెవరో జ్ఞాపకము వచ్చినది. పశ్చాత్తాపముతో భావము శుద్ధమై, కొలది సేపటికే కేవలజ్ఞానము కలిగినది.

అంగడిలో గల్లాపెట్టె ముందు కూర్చుండి, ఎదుటి వ్యాపారిని మనస్సులో దివాలా తీయించు తండ్రి ఆడునదియు ఆ ఆటయే. తెర ఒక్కటే లేదు.

కావున కోపముతో యంత్రమును లాగికొనుట చాలదు. ప్రయోజనము లేని పాపమును మానుట అనర్థదండ విరమణ వ్రతము. దుష్టచింతన అందు మొదట చెప్పబడినది. అది బిడ్డకెంతయో తండ్రికిని అంతయే. ఆటకు హద్దు పెట్టుడు. సాయంకాలము తండ్రీకొడుకులు కలసి 48 నిమిషములు సామాయికమున కూర్చుండుడు. అంగడి లెక్క ప్రొద్దుగూకిన పిదప చూచుకొనునట్లే, ఆనాడు మనస్సులో ఎవరిని కొట్టితిమో, ఎవరి సొమ్మునకు ఆశపడితిమో ఇద్దరును చూచుకొని, మిచ్ఛామి దుక్కడం చెప్పుకొనుడు. తండ్రి తన లెక్క ముందు విప్పినచో, కొడుకు తన లెక్క దాచడు.

జై జినేంద్ర.